1971 పత్రాలు: నంబరు, తేదీ, కొట్టివేత చూడకుండా అచ్చు వేయకండి

సంపాదకులకు నమస్కారం.

డిసెంబర్ వచ్చిందంటే విశాఖ బీచ్ రోడ్డులో నౌకాదళ దినోత్సవం, ఆ వెంటే తెలుగు పత్రికల్లో 1971 యుద్ధం మీద కథనాలు. వాటిలో ఒక మాట ఇప్పుడు ఊతపదంలా మారింది: ‘అమెరికా బయటపెట్టిన రహస్య పత్రాల ప్రకారం’. ఏ పత్రం, ఎవరు ఎవరికి రాసింది, ఏ రోజు ఎన్ని గంటలకు, మధ్యలో ఎన్ని పంక్తులు తీసేసి ఇచ్చారు అనేది మాత్రం ఎక్కడా ఉండదు. అందువల్ల ‘పాకిస్తాన్‌తో ఉన్న రహస్య ఒప్పందం ప్రకారం అమెరికా ఏడో నౌకాదళం మన మీదికి దండెత్తింది’ అనే వాక్యం ఏటా తిరిగి అచ్చవుతోంది. ఒక్క వాక్యంలో మూడు తప్పులున్నాయి. ఆ తప్పులు ఎక్కడి నుంచి వస్తున్నాయో, పత్రాలను ఎలా చదివితే రావో వివరంగా చెప్పడానికే ఈ ఉత్తరం. నిడివి ఎక్కువైంది, మన్నించాలి.

ముందుగా ‘ఒప్పందం’ సంగతి. అమెరికా, పాకిస్తాన్ సైనిక మిత్రులన్న మాట నిజమే. కానీ ఆ మైత్రి ఒకే కాగితం మీద లేదు. 1954 మే 19న కరాచీలో పరస్పర రక్షణ సాయం ఒప్పందం కుదిరింది. ఆయుధాలు ఇస్తాం, వాటిని దేశంలోపలి భద్రతకు, న్యాయమైన ఆత్మరక్షణకు వాడుకోవాలి, మరో దేశం మీద దురాక్రమణకు వాడకూడదు అన్నది దాని షరతు. దానికి మూడు నెలల ముందే, ఫిబ్రవరి 24న, అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ నెహ్రూకు ఉత్తరం రాసి, ఆ ఆయుధాలు దురాక్రమణకు వాడితే ఊరుకోబోమని హామీ ఇచ్చాడు. అదే ఏడాది సెప్టెంబర్ 8న మనీలాలో ‘సియాటో’ అనే ఆగ్నేయాసియా రక్షణ ఒప్పందం కుదిరింది. అందులో అమెరికా తన తరఫున ప్రత్యేకంగా ఒక మాట రాయించుకుంది: తమకు సంబంధించినంతవరకు దురాక్రమణ అంటే కమ్యూనిస్టు దురాక్రమణే, మిగతా సందర్భాల్లో సంప్రదింపులు మాత్రమే. 1955లో పాకిస్తాన్ బాగ్దాద్ ఒప్పందంలో చేరింది. తర్వాత ‘సెంటో’గా మారిన ఆ కూటమిలో అమెరికా ఏనాడూ పూర్తి సభ్యురాలు కాదు.

నాలుగోది 1959 మార్చి 5 నాటి ద్వైపాక్షిక ఒప్పందం. 1971 మీద రాసే ప్రతివాళ్లూ ‘సైన్యంతో సహా తగిన చర్య తీసుకుంటాం’ అనే ముక్కను దీని నుంచే తీసుకుంటారు. వాక్యం అక్కడితో ఆగలేదు. తమ రాజ్యాంగానికి లోబడి, ఇద్దరూ అంగీకరించినంత మేరకు, మధ్యప్రాచ్యంపై చేసిన ఉమ్మడి తీర్మానంలో ఉద్దేశించిన విధంగా అని కూడా ఉంది. ఆ తీర్మానం 1957 మార్చి నాటిది. అంతర్జాతీయ కమ్యూనిజం చేతిలో ఉన్న దేశం సాయుధ దురాక్రమణ చేస్తేనే అది వర్తిస్తుంది. అంటే భారత్‌తో యుద్ధమొస్తే అమెరికా సైన్యాన్ని దించాలనే బాధ్యత ఈ ఒప్పందంలోని అక్షరాల్లో లేదు. పైగా ఇది రహస్యమూ కాదు, కుదిరిన నాడే అందరికీ తెలిసినది. మొదటి తప్పు ఇదీ.

రహస్యంగా ఉన్న కాగితం వేరే ఉంది. 1962లో చైనాతో యుద్ధ సమయంలో అమెరికా మనకు ఆయుధాలు పంపింది. దాంతో పాకిస్తాన్ అధ్యక్షుడు అయూబ్ ఖాన్‌కు కోపమొచ్చింది. ఆయనను బుజ్జగించడానికి 1962 నవంబర్ 5న అమెరికా రాయబారి ద్వారా ఒక జ్ఞాపిక, అంటే ప్రభుత్వం మాటను రాసిచ్చే దౌత్య నోటు, అందించారు. భారత్ నుంచి దురాక్రమణ ఎదురైతే పాకిస్తాన్‌కు సాయంగా వస్తామన్న పాత హామీలను అందులో మళ్లీ ధ్రువపరిచారు. ఇది సెనేట్ ఆమోదించిన ఒప్పందం కాదు, కార్యనిర్వాహక శాఖ ఇచ్చిన మాట. సాయం ఏ రూపంలో అనేది దానిలో లేదు. తొమ్మిదేళ్ల తర్వాత, 1971 డిసెంబర్ 10న, జాతీయ భద్రతా సలహాదారు కిసింజర్ ఈ కాగితాన్నే సోవియట్ దౌత్యవేత్త వొరొంత్సోవ్ ముందు పెట్టి, మాకు బాధ్యత ఉందని చెప్పాడు. ఒప్పందం ఇవ్వని బలాన్ని జ్ఞాపిక నుంచి పిండుకున్నారన్నమాట. ‘రహస్య ఒప్పందం ఉంది’ అని రాసేవారు ఈ తేడా చూపించాలి. మిత్రదేశాల పత్రాలు చదవడంలో సగం పని ఇదే. ఒప్పందం, నోటు, జ్ఞాపిక, నోటిమాట, వీటి బరువులు వేరువేరు.

విశాఖ వాళ్లకు ఈ మైత్రి కాగితాల్లోనే కాదు, నీళ్లలోనూ కనిపిస్తుంది. 1971 డిసెంబర్ 3-4 మధ్య రాత్రి విశాఖ రేవు బయట మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ‘గాజీ’ అసలు పేరు ‘డయాబ్లో’. 1944 డిసెంబర్‌లో నీళ్లలోకి దిగిన అమెరికా నౌకాదళ జలాంతర్గామి అది. 1964లో సైనిక సాయం పద్దు కింద లీజు పద్ధతిలో పాకిస్తాన్‌కు అందింది. ఐసెన్‌హోవర్ హామీ ఇచ్చిన పదేళ్లకు లీజుకెళ్లిన ఆ పడవ, మన విమాన వాహక నౌక ‘విక్రాంత్’ను వెతుక్కుంటూ మన తీరానికి వచ్చి, 90 మందికి పైగా ఉన్న తన సిబ్బందితో సహా ఇక్కడే ఉండిపోయింది. మన యుద్ధనౌక ‘రాజ్‌పుత్’ వదిలిన డెప్త్ ఛార్జీల (నీటి లోతులో పేలే బాంబుల) వల్ల మునిగిందని మన నౌకాదళం అంటుంది. తన మైనే పేలిందనో, లోపల ప్రమాదం జరిగిందనో పాకిస్తాన్ వైపు వాదన. ఈ తగువును అమెరికా దౌత్య పత్రాలు తీర్చవు. తీరుస్తాయని ఎవరైనా రాస్తే పత్రం నంబరు అడగండి.

ఇక అసలు పత్రాలు ఎక్కడున్నాయి? అమెరికా విదేశాంగ శాఖ 1861 నుంచి ‘ఫారిన్ రిలేషన్స్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్’ పేరుతో సంపుటాలు వేస్తోంది. 1991లో చేసిన చట్టం ప్రకారం సంఘటన జరిగిన 30 ఏళ్లకు వాటిని అచ్చు వేయాలి. ఆచరణలో ఆలస్యమవుతూనే ఉంటుంది. 1971 సంక్షోభం మీద 11వ సంపుటం, దానికి తోడు ఇంటర్నెట్‌లో మాత్రమే ఉండే ‘ఇ-7’ అనే సంపుటం 2005లో వచ్చాయి. రెండూ ఆ శాఖ చరిత్రకారుల కార్యాలయం వెబ్‌సైట్‌లో ఉచితం. చాలామంది 11వ సంపుటం చూసి సరిపెట్టుకుంటారు. సగం తప్పులు అక్కడే పుడతాయి. రెండింటినీ పక్కపక్కన తెరిచి, ఒకే తేదీకి రెండింటిలో ఏముందో చూడాలి. పేజీ నంబరు కాకుండా పత్రం నంబరు రాసుకోవాలి, ఎందుకంటే వెబ్‌లో వెతికేవారికి దొరికేది అదే.

ప్రతి పత్రం కింద మొదటి ఫుట్‌నోట్ ఉంటుంది. తెలుగు పత్రికల్లో ఎవరూ చదవనిది, ముందు చదవాల్సినది అది. అసలు కాగితం ఏ పెట్టెలో ఉంది, రహస్య స్థాయి ఏమిటి, ముసాయిదా ఎవరిది, ఎవరెవరు ఆమోదించారు, అధ్యక్షుడు చూశాడా లేదా అన్నీ అక్కడే తెలుస్తాయి. మధ్య స్థాయి అధికారి రాసి, పైవాళ్లు పక్కన పడేసిన ముసాయిదాను ‘అమెరికా నిర్ణయం’ అని అచ్చు వేయడం ఈ ఫుట్‌నోట్ చదవకపోవడం వల్లే జరుగుతుంది. ‘నోడిస్’ అని ఉంటే గ్రహీత తప్ప వేరెవరికీ పంచకూడదని అర్థం. ‘ఎక్స్‌డిస్’, ‘లిమ్‌డిస్’ దానికంటే కొంచెం వదులు. ‘ఫ్లాష్’, ‘ఇమ్మీడియట్’, ‘ప్రయారిటీ’ అనేవి రహస్య స్థాయిలు కావు, ఎంత తొందరగా చేర్చాలో చెప్పే గుర్తులు. వీటిని కలగాపులగం చేసి ‘ఫ్లాష్ అనే అత్యంత రహస్య పత్రం’ అని రాయడం చూస్తూనే ఉన్నాం.

తర్వాత నంబరు. ప్రతి దౌత్య కార్యాలయం జనవరి 1 నుంచి తన టెలిగ్రాములకు 1 నుంచి వరుస నంబర్లు వేస్తుంది. అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని ఢాకాలో అమెరికా కాన్సల్ జనరల్ ఆర్చర్ బ్లడ్ పంపినవి రెండు ప్రసిద్ధం. మార్చి 28న వెళ్లినది 959, ఎంపిక చేసుకుని మరీ జాతిసంహారం సాగిస్తున్నారని శీర్షిక పెట్టింది అది. ఏప్రిల్ 6న వెళ్లినది 1138, అమెరికా విధానంతో విభేదిస్తూ 20 మంది అధికారులు సంతకాలు పెట్టగా బ్లడ్ దానిని సమర్థించి పంపినది (11వ సంపుటంలో పత్రం 19). మన పత్రికలు ఈ రెండింటినీ కలిపేసి ఒకటే చేశాయి. మొదటిది చూసినది చెప్పిన నివేదిక, రెండోది తమ ప్రభుత్వాన్నే తప్పుబట్టిన విభేద పత్రం. ఇంకో సంగతి ఈ నంబర్లే చెబుతాయి. 959 నుంచి 1138 వరకు, తొమ్మిది రోజుల్లో ఢాకా నుంచి దాదాపు 180 టెలిగ్రాములు వెళ్లాయి. అక్కడివాళ్లు నోరు మూసుకుని కూర్చోలేదు. వాషింగ్టన్‌కు తెలియక చేసింది ఏదీ లేదు. ఆ జూన్‌కల్లా బ్లడ్‌ను ఢాకా నుంచి వెనక్కి పిలిపించారు.

ఏప్రిల్ 28న కిసింజర్ మూడు మార్గాలు చూపిస్తూ అధ్యక్షుడు నిక్సన్‌కు పంపిన నోటు (పత్రం 36) కూడా దగ్గర పెట్టుకుని చూడదగ్గది. నిక్సన్ మూడోదాన్ని ఆమోదించి, పాకిస్తాన్ అధ్యక్షుడు యాహ్యా ఖాన్ గురించి చేత్తో ఒక ముక్క రాశాడు: ‘అందరికీ: ఈ సమయంలో యాహ్యాను ఒత్తిడి పెట్టకండి’. ఇంగ్లీషు మూలంలో ‘డోంట్’ (వద్దు) అన్న మాట కింద మూడు గీతలు గీశాడు. ఆ మూడు గీతల సంగతి కూడా ఫుట్‌నోట్‌లోనే ఉంది. అప్పటికి యాహ్యా ఖాన్ ద్వారా చైనాతో రహస్య రాయబారం నడుస్తోంది. జూలై 9న కిసింజర్ పాకిస్తాన్ నుంచే బీజింగ్ వెళ్లాడు. మిత్రుడి చేతిలో అంత అవసరమైన తాళంచెవి ఉన్నప్పుడు ఢాకా నుంచి ఎన్ని టెలిగ్రాములొచ్చినా కదలిక లేకపోవడానికి కారణం ఇక్కడ తెలుస్తుంది.

ఈ చైనా రాయబారం వల్లే మరో చిక్కు. వైట్ హౌస్ అప్పుడు తన సొంత విదేశాంగ శాఖను కూడా పక్కన పెట్టి, ఇస్లామాబాద్‌లోని రాయబారి ఫార్లండ్‌తో వేరే దారిలో సందేశాలు నడిపింది. అందువల్ల విదేశాంగ శాఖ ఫైళ్లు మాత్రమే చదివితే ‘అమెరికాకు ఏమీ తెలియదు, సందిగ్ధంలో ఉంది’ అనిపిస్తుంది. వైట్ హౌస్ ఫైళ్లు, అంటే నిక్సన్ గ్రంథాలయంలోని జాతీయ భద్రతా మండలి పెట్టెలు చూస్తే బొమ్మ తిరగబడుతుంది. వీటికి తోడు మరో రెండు రకాలున్నాయి. కిసింజర్ ఫోన్ సంభాషణలను కార్యదర్శులు విని టైపు చేసిన ప్రతులు, 2004లో బయటికొచ్చాయి. రెండోది 1971 ఫిబ్రవరి నుంచి నడిచిన నిక్సన్ టేపులు. టేపుకూ దాని రాతప్రతికీ తేడా ఉంటుంది. రాతప్రతి సంపాదకులు విన్నంత మేరకే. అసలు ఆధారం టేపే. ‘వినబడలేదు’ అని ఉన్న చోట మన ఊహను నింపకూడదు.

నవంబర్ మొదట్లో ఇందిరా గాంధీ వైట్ హౌస్‌కు వెళ్లినప్పుడు నిక్సన్, కిసింజర్ ఆమెను ఉద్దేశించి అన్న నీచమైన మాటలు ఈ టేపుల్లోవే. ప్రతిసారీ అవే పెద్ద అక్షరాల్లో వస్తాయి. వాటిని చదివితే మాకూ రక్తం ఉడుకుతుంది. కానీ ఆ తిట్ల వెనక పడి, నిజంగా ప్రాణాలు తీసిన సంగతిని వదిలేస్తున్నాం. అది ఆయుధాల లైసెన్సు సంగతి.

ఇది కాస్త నిదానంగా చూడాలి. 1965 యుద్ధం నడుస్తుండగానే అమెరికా రెండు దేశాలకూ ఆయుధాలు ఆపింది. 1970 అక్టోబర్‌లో పాకిస్తాన్‌కు ‘ఒక్కసారికి మినహాయింపు’ ఇచ్చింది: సైనికులను మోసే సుమారు 300 కవచ వాహనాలు, 4 సముద్ర గస్తీ విమానాలు, 6 ఎఫ్-104 యుద్ధ విమానాలు, 7 బి-57 బాంబర్లు. 1971లో ఇవి పాకిస్తాన్‌కు చేరలేదు. చేరాయని రాస్తే తప్పు. చేరినవి వేరే, మందుగుండు, విడిభాగాలు. మార్చి 25 రాత్రి ఢాకాలో సైన్యం విరుచుకుపడ్డాక, ఆయుధాలు నిలిపేశామని అమెరికా చెప్పింది. నిజానికి నిలిపింది కొత్త లైసెన్సులు, పాతవాటి పునరుద్ధరణ, సర్కారు గిడ్డంగుల నుంచి వెళ్లేవి. మార్చి 25కు ముందే జారీ అయిన లైసెన్సులు చెల్లుతూనే ఉన్నాయి. వాటి గడువు ఏడాది. సరుకు వ్యాపారి దగ్గర కొన్నదైతే, లైసెన్సు పాతదైతే, ఓడ ఎక్కించవచ్చు. జూన్ 22న ‘సుందర్‌బన్స్’, ‘పద్మ’ అనే రెండు ఓడల మీద సైనిక సామగ్రి న్యూయార్క్ రేవు నుంచి వెళ్తోందని న్యూయార్క్ టైమ్స్ రాసేదాకా ఈ సందు బయటపడలేదు. ‘అమెరికా అబద్ధమాడింది’ అనడం తేలిక. ఏ రకం అనుమతి ఏ తేదీ దాకా చెల్లిందో చూపిస్తేనే ఆ అబద్ధం ఎలా తయారైందో పాఠకుడికి తెలుస్తుంది. ఆ పాత లైసెన్సులను పూర్తిగా రద్దు చేసింది నవంబర్‌లో, యుద్ధానికి నెల ముందు.

ఇప్పుడు గంటల లెక్క. టెలిగ్రాం మీద 0730జెడ్ అని ఉంటే అది గ్రీనిచ్ సమయం. మనకు మధ్యాహ్నం 1 గంట, ఢాకాలో ఒకటిన్నర, ఇస్లామాబాద్‌లో పన్నెండున్నర. వాషింగ్టన్‌లో చలికాలమైతే తెల్లవారుజాము రెండున్నర. సమావేశాల మినిట్స్ మీద ఉండేది మాత్రం వాషింగ్టన్ సమయం. ఈ రెండింటినీ కలిపేస్తే కారణం వెనక్కీ ఫలితం ముందుకూ పోతాయి.

డిసెంబర్ 3నే తీసుకోండి. పాకిస్తాన్ విమానాలు మన స్థావరాల మీద దాడి మొదలుపెట్టింది మన సాయంత్రం 5.40 ప్రాంతంలో. వాషింగ్టన్‌లో అప్పుడు ఉదయం 7.10. కిసింజర్ అధ్యక్షతన, సంక్షోభాలను చూసే ఉన్నతాధికారుల బృందమైన వాషింగ్టన్ స్పెషల్ యాక్షన్స్ గ్రూప్ సమావేశం అక్కడ ఉదయం 11 దాటాక మొదలై 12 లోపు ముగిసింది. మన గడియారంలో రాత్రి పది అటూఇటూ. అధ్యక్షుడు పాకిస్తాన్ వైపు మొగ్గాలంటున్నాడని కిసింజర్ చెప్పింది ఈ సమావేశంలోనే. విశాఖ బయట ‘గాజీ’ పేలిందని మన నౌకాదళం చెప్పే సమయం అర్ధరాత్రి దాటాక పావుగంటకు. వాషింగ్టన్‌లో అది ఇంకా డిసెంబర్ 3, మధ్యాహ్నం 1.45. అంటే ఆ ‘మొగ్గు’ మాట అన్న గంటలో లీజు పడవ మన రేవు బయట ఇంకా తిరుగుతూనే ఉంది. ‘గాజీ మునిగిందన్న కోపంతో నిక్సన్ మొగ్గు చూపాడు’ అని వచ్చిన కథనాలు తేదీలు మాత్రమే చూసి, గంటలు చూడకుండా రాసినవి.

ఆ మొగ్గు మాట బయటికొచ్చింది డీక్లాసిఫికేషన్ (ప్రభుత్వమే రహస్య ముద్ర తీయడం) వల్ల కాదు. జాక్ ఆండర్సన్ అనే పత్రికా రచయిత చేతికి మినిట్స్ చిక్కి, నెల తిరిగేసరికి అచ్చయ్యాయి. ఆయనకు 1972లో పులిట్జర్ బహుమతి వచ్చింది. లీకైన పత్రమూ, ప్రభుత్వం విడుదల చేసిన పత్రమూ ఒకటి కావు. లీకైనది మధ్యలో నుంచి తెగిన ముక్క కావచ్చు. విడుదలైనదానిలో కత్తిరింపులుండొచ్చు. ఏది వాడినా పేరు పెట్టి చెప్పాలి.

అదే బృందం డిసెంబర్ 6 సమావేశంలో విదేశాంగ శాఖ అధికారి వాన్ హాలెన్ స్పష్టంగా చెప్పాడు: మనం నేరుగా పాకిస్తాన్‌కు ఇవ్వలేని ఆయుధాలను, మనం ఇచ్చిన మూడో దేశం ద్వారా ఇప్పించడానికి చట్టం ఒప్పదు. నాలుగు రోజులకు, డిసెంబర్ 10న, న్యూయార్క్‌లో, ఐక్యరాజ్య సమితిలోని చైనా ప్రతినిధి హువాంగ్ హువాతో కిసింజర్ అన్నది ఇందుకు పూర్తి విరుద్ధం. జోర్డాన్ వంటి దేశాలు విమానాలు పంపితే, చట్టం ఏం చెప్పినా, మేం గట్టిగా అభ్యంతరపెట్టబోమని చెప్పాడు. జోర్డాన్ ఎఫ్-104లు పాకిస్తాన్ చేరాయి కూడా. ఈ రెండు పత్రాలను పక్కపక్కన అచ్చు వేస్తే చాలు, పేజీ నిండా వ్యాఖ్యానం అక్కర్లేదు. తమ చట్టం ఏమిటో తెలిసి, మిత్రుడి కోసం దాన్ని దాటారు. అదే మైత్రికి చైనా కూడా కదులుతుందని ఆశపడ్డారు. డిసెంబర్ 12న చైనా నుంచి వచ్చిన కబురు సైన్యం గురించి కాదు, ఐక్యరాజ్య సమితిలో కాల్పుల విరమణ గురించి.

ఇక నౌకలు. ఏడో నౌకాదళం అంతా రాలేదు. దానిలోంచి విడదీసిన టాస్క్ ఫోర్స్ 74 వచ్చింది. అణుశక్తితో నడిచే విమాన వాహక నౌక ‘ఎంటర్‌ప్రైజ్’, హెలికాప్టర్ల నౌక ‘ట్రిపోలి’, వాటికి తోడు నౌకలు. డిసెంబర్ 10న ఆదేశం, మలక్కా జలసంధి దాటి 15న బంగాళాఖాతంలోకి. బయటికి చెప్పిన కారణం ఢాకాలోని అమెరికన్ల తరలింపు. బ్రిటిష్ వైమానిక దళం ఆ పని 12నే చేసేసింది. కాబట్టి ఆ కారణం కాగితం మీదిదే. నిక్సన్, కిసింజర్ మాటల్లో కనిపించే ఉద్దేశం, పశ్చిమ పాకిస్తాన్ మీదికి భారత్ వెళ్లకుండా సోవియట్లనూ మనల్నీ భయపెట్టడం. దాడి చేయమన్న ఆదేశం ప్రచురితమైన సంపుటాల్లో లేదు. 16న ఢాకాలో పాకిస్తాన్ సేనాపతి నియాజీ లొంగిపోయాడు. బెదిరింపు ఘోరమే. బెదిరింపును బెదిరింపు అని, దాడిని దాడి అని రాయాలి.

కొట్టివేతల గురించి చివరిదాకా ఆపింది ఎందుకంటే, ఎక్కువ అపార్థాలు ఇక్కడే. చదరపు కుండలీకరణాల్లో ‘ఇక్కడ సంబంధం లేని భాగం వదిలేశాం’ అని ఉంటే అది రహస్యం కాదు. స్థలం కోసం సంపాదకులు తీసేసిన భాగం. అసలు పెట్టెలో అది దొరుకుతుంది. ‘1 పంక్తి బహిర్గతం చేయలేదు’ అని ఉంటే అది నిజమైన కొట్టివేత. ఎన్ని పంక్తులో కూడా చెబుతారు, ఆ లెక్క రాసుకోవాలి. మొదటిదాన్ని చూపించి ‘ఇప్పటికీ దాస్తున్నారు’ అని రాస్తే, రెండోదాన్ని అడిగే హక్కు పలచబడిపోతుంది.

నిజమైన కొట్టివేతను సవాలు చేసే దారి ఉంది. అమెరికాలో 2009 నాటి 13526వ కార్యనిర్వాహక ఉత్తర్వు కింద, ఒక పత్రాన్ని గుర్తించి దాని రహస్య ముద్రను తిరిగి పరిశీలించమని ఎవరైనా అడగవచ్చు. ‘1971 ఫైళ్లన్నీ ఇవ్వండి’ అంటే తిరగ్గొడతారు. పత్రం పేరు, తేదీ, పెట్టె, ఫోల్డర్, కొట్టేసిన చోటు ఇవ్వాలి. ఇవన్నీ ఆ మొదటి ఫుట్‌నోట్‌లోనే ఉంటాయి. రెండేళ్లలోపు అదే పత్రాన్ని పరిశీలించి ఉంటే మళ్లీ చూడరు. ఏడాదిలో తేల్చకపోయినా, తిరస్కరించి లోపలి అప్పీలు కూడా కొట్టేసినా, శాఖల మధ్య అప్పీళ్ల ప్యానెల్‌కు వెళ్లవచ్చు. అమెరికాలో ఉంటున్న మన తెలుగువాళ్లలో ఆసక్తి ఉన్నవారు ఈ పని చేయగలరు. ఇంకో హెచ్చరిక: అమెరికా జాతీయ ఆర్కైవ్స్ వెబ్‌సైట్‌లో వెతకడానికి వీలైన టెలిగ్రాముల డేటాబేస్ 1973 జూలై నుంచి మొదలవుతుంది. అందులో ‘1971’ కొట్టి ఏమీ రాకపోతే దాచారని కాదు, ఆ ఏడాది టెలిగ్రాములు కాగితాల పెట్టెల్లో ఉన్నాయి. లండన్ కివ్‌లోని బ్రిటన్ ఆర్కైవ్స్‌లో దక్షిణాసియా శాఖ ఫైళ్లు కూడా చూస్తే అమెరికా మాటకు సాక్ష్యమో, కాదనేదో దొరుకుతుంది.

మిత్రదేశాల్లో రెండోదాని పత్రాలు మాత్రం దాదాపు లేవు. పాకిస్తాన్ బయటపెట్టినవాటిలో పెద్దది, 1971 ఓటమిపై విచారణ జరిపిన హమూదుర్ రహమాన్ కమిషన్ నివేదిక. అది కూడా 2000లో ఇక్కడి పత్రికలో ఒక భాగం వచ్చాక విడుదలైంది. యాహ్యా ఏమన్నాడో మనం చదువుతున్నది అమెరికన్ల కలం నుంచే. అది గుర్తుపెట్టుకుని రాయాలి.

మన ఫైళ్ల సంగతేమిటి? 1993 పబ్లిక్ రికార్డుల చట్టం ఉంది. 25 ఏళ్లు దాటిన రికార్డులను మదింపు చేసి దాచదగ్గవి నేషనల్ ఆర్కైవ్స్‌కు పంపాలి. మెలిక ఎక్కడంటే, రహస్య ముద్ర తీసే పని ఆ ఫైలు పుట్టిన శాఖదే. తీయకపోతే అది కదలదు. యుద్ధ రికార్డులను మామూలుగా 25 ఏళ్లకు బహిర్గతం చేయాలని రక్షణ శాఖ 2021 జూన్‌లో విధానం కూడా ప్రకటించింది. సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(3) ప్రకారం 20 ఏళ్లు దాటిన సంఘటనల సమాచారం ఇవ్వాలి. అయితే దేశ భద్రత, విదేశీ సంబంధాలు, శాసనసభల హక్కులు, మంత్రివర్గ పత్రాల మినహాయింపులు అప్పటికీ వర్తిస్తాయి. దరఖాస్తుకు 10 రూపాయలు, జవాబుకు 30 రోజులు. ‘గాజీ ఫైలు ఇవ్వండి’ అని అడిగితే ‘దేశ భద్రత’ అని ఒక్క పంక్తి వస్తుంది. ముందు ఫైళ్ల జాబితా అడగాలి: ఫలానా తేదీల మధ్య తెరిచిన ఫైళ్ల పేర్లు, నంబర్లు, ఏవి ఆర్కైవ్స్‌కు పంపారు, ఏవి నాశనం చేశారు, ఏ తేదీ ఉత్తర్వుతో. జాబితాను భద్రత పేరుతో నిరాకరించడం కష్టం. నిరాకరిస్తే 30 రోజుల్లో మొదటి అప్పీలు, 90 రోజుల్లో రెండోది. పత్రికలకు ఈ పని చేయగల విలేఖరులు ఉన్నారు. ఏటా డిసెంబర్‌లో ఒక పేజీ నింపే బదులు జనవరిలో ఒక దరఖాస్తు వేయండని మా అభ్యర్థన.

రాబోయే డిసెంబర్ 4 సంచికకు ఒక పని చెబుతాం. 1971 డిసెంబర్ 7 నాటి అమెరికా గూఢచారి సంస్థ నివేదిక ఒకటి 11వ సంపుటంలో ఉంది. ఇందిరా గాంధీ తన సహచరులతో యుద్ధ లక్ష్యాల గురించి అన్నారంటూ ఢిల్లీ నుంచి అందిన సమాచారం అది. బంగ్లాదేశ్ విముక్తితో ఆగకుండా ఆక్రమిత కాశ్మీర్‌లో కొంత భాగం, పాకిస్తాన్ ట్యాంకులు, విమానాల బలం కూడా లక్ష్యమని ఉంది. నౌకలను పంపడానికి వైట్ హౌస్ దీన్నే పదేపదే ఎత్తి చూపింది. సమాచారం ఇచ్చినదెవరో ఇప్పటికీ కొట్టివేతలోనే ఉంది. ఆ ఖాళీలో ఎవరెవరి పేర్లో పెట్టి యాభై ఏళ్లుగా మన దేశంలో అభాండాలు వేస్తూనే ఉన్నారు, కొందరు చనిపోయాక కూడా వదల్లేదు. ఆ పత్రాన్ని ఖాళీతో సహా, ఎన్ని పంక్తులు తీశారో లెక్కతో సహా, ఉన్నదున్నట్టు తెలుగు చేసి అచ్చు వేయండి. పేరు తమకు తెలుసని ఎవరైనా రాసి పంపితే, ఏ పత్రం, ఏ నంబరు అని అడిగి, జవాబు వచ్చాకే వేయండి.

ఇట్లు,
మీ పాఠకులు కొందరు,
విశాఖపట్నం